రెండు వందల దాకా

చొక్కా జేబులో అద్దం పెట్టుకుని తిరిగే మగాణ్ణి చూస్తే జనం ఊరుకోరు, పేరు పెడతారు. ట్యాంకుల షెడ్డులోకి అద్దంతో వచ్చిన నెల తిరక్కుండానే అతన్ని అద్దం అనడం మొదలుపెట్టారు. పని వంటబట్టి నలుగురికి నేర్పే స్థాయికి వచ్చాక దానికి మేస్త్రి తోడైంది. అద్దం మేస్త్రి. ఆ అద్దంలో అతను తన మొహం ఒక్కసారి కూడా చూసుకోలేదని, చూసుకుని ఉంటే కనీసం మీసమైనా సమంగా కత్తిరించుకునేవాడని షెడ్డులో అందరూ ఒప్పుకుంటారు.

అది అతని భార్య పౌడరు డబ్బా మూతలోంచి ఊడిపడి పగిలిన అద్దం. అందులో బొటనవేలంత ముక్క ఏరుకుని, అంచులు అరగదీసి, సన్నటి కడ్డీ చివర కొంచెం వాలుగా అతికించుకున్నాడు. వెల్డింగ్ చేసిన గొట్టంలోకి దాన్ని దూర్చి, పక్కనే బ్యాటరీ లైటు పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తాడు. అతుకు బయటినుంచి ఎలా ఉందో చూడ్డానికి అందరికీ కళ్ళున్నాయి. లోపల ఎలా ఉందని అడిగేవాళ్ళు తక్కువ, వంగి చూసేవాళ్ళు మరీ తక్కువ. మేస్త్రి ఆ మరీ తక్కువ మందిలో ఒకడు. అతనంటే నాకున్న పక్షపాతానికి కారణం అదే, ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

ఆ షెడ్డులో పాల డెయిరీలకు స్టీలు ట్యాంకులు చేస్తారు. లోపల పాలు నిలవుండే తొట్టి, బయట తొడుగు, రెంటికీ మధ్య చల్లదనం పోకుండా దట్టించే పొర, కింద నాలుగు కాళ్ళు, అడుగున పాలు బయటికి వచ్చే రెండంగుళాల గొట్టం. షెడ్డుకి రెండు సగాలు. కుడి సగం మేస్త్రిది, అక్కడ ఆర్గాన్ వెల్డింగ్. కుడిచేత్తో టార్చి, ఎడమచేత్తో సన్నటి తీగ, టార్చి మూతి నుంచి మంటతో పాటు ఆర్గాన్ గ్యాసు వచ్చి కరిగిన లోహానికి గాలి తగలకుండా కప్పుతూ ఉంటుంది. చప్పుడు లేని పని, ఓపిక కావాల్సిన పని, నత్త కూడా విసుక్కునేంత నెమ్మది పని. ఎడమ సగంలో వైరు మిషన్లు. గన్ను మీట నొక్కితే తీగ దానంతటదే చుట్టలోంచి వచ్చి కరుగుతుంది, నిప్పురవ్వలు ఎగురుతాయి, చిటపటమని మోత. అక్కడ చెయ్యి ఎంత వేగంగా పోతే పని అంత వేగంగా అవుతుంది.

ఎడమ సగంలో మొనగాడు మేస్త్రి బావమరిది. భార్యకు తోడబుట్టిన తమ్ముడు, మేస్త్రి కన్నా పద్నాలుగేళ్ళు చిన్న. వాడి మిషనూ వాడి నోరూ ఒకే తీరున మోగుతాయి కాబట్టి వాడి పేరు చిటపట. వాణ్ణి షెడ్డుకి తీసుకొచ్చింది మేస్త్రే. ఆర్గాన్ పని నేర్పిద్దామని తన పక్కన స్టూలేసి కూర్చోబెట్టుకున్నాడు కూడా. వారం తిరక్కుండా వాడు ఎడమ సగంలోకి పారిపోయాడు. ఎందుకురా అంటే, "లెక్కలు రాకే కదా బావా నేను బడి మానేసింది. ఇక్కడికొచ్చాక కూడా లెక్కలేనా" అన్నాడు.

వాడు పారిపోయింది రెండు వందల లెక్క నుంచి. గొట్టం అతికేటప్పుడు టార్చి గ్యాసు బయటి వైపునే కాపాడుతుంది. లోపలి వైపు కూడా ఎర్రగా కాలుతుంది, అక్కడ గాలి ఉంటే స్టీలు మాడిపోయి, అడుగంటిన పాలగిన్నెలా నల్లటి గరుకు పొర కడుతుంది. ఆ గరుకులో పాలు చిక్కుకుంటాయి, ఎంత కడిగినా పోవు, విరుగుతాయి. అందుకని గొట్టానికి రెండు చివర్లా సన్నటి బెజ్జమున్న మూత బిగించి, లోపలికి కూడా గ్యాసు వదిలి, అది గాలిని బయటికి తరిమేదాకా ఆగాలి. ఎంతసేపు ఆగాలో చూపించే మీటరొకటి షెడ్డులో ఉండేది, అది చెడిపోయి చాలా కాలమైంది. మేస్త్రి లెక్క ఉండగా దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు. ఒకటి నుంచి రెండు వందల దాకా లెక్కపెట్టాలి, నిదానంగా, ఊపిరికొక అంకె చొప్పున. ఆ తరవాతే టార్చి వెలిగించాలి. కొత్తవాళ్ళు పైకి వినపడేలా చెప్పాలి, మేస్త్రి మనసులో చెప్పుకుంటాడు. రెండు వందలే ఎందుకని అడిగితే, "అది పుస్తకంలో లెక్క కాదు. నేను పాడుచేసిన గొట్టాల లెక్క" అనేవాడు.

ఈ లెక్క ఇంటికి కూడా వచ్చింది. పొయ్యి మీద టీ పెడితే పెదాలు కదులుతుంటాయి. బస్సు ఆలస్యమైతే కదులుతుంటాయి. పెళ్ళైన కొత్తలో అతనేదో జపం చేసుకుంటున్నాడని భార్య రెండు నెలలు గౌరవంగా తప్పుకుని నడిచింది. సంగతి తెలిశాక ఆ రెండు నెలల గౌరవం వెనక్కి తీసేసుకుంది.

బావా బావమరుదులు ఒకే వీధిలో ఉంటారు, సెలవు రోజుల్లో ఒకే బంతిలో భోజనానికి కూర్చుంటారు, వెల్డింగ్ మాట వస్తే మాత్రం ఉప్పూ నిప్పూ. నీది నగిషీ పని బావా, ట్యాంకు కాదు ముక్కుపుడక చెయ్యి అంటాడు వాడు. నీది గోడకి సున్నం కొట్టే పని, చెయ్యి ఊపుకుంటూ పోతావు అంటాడు ఇతను. ఒకరు తమ్ముడు, ఒకరు మొగుడు, మేస్త్రి భార్య మాత్రం ఇద్దరికీ సమానంగా వడ్డించి ఇద్దర్నీ సమానంగా తిడుతుంది. ఆవిడ ఆసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు కడిగి మరిగించే చోట ఉద్యోగం చేస్తోంది. రోజంతా కత్తెరలూ పట్టకారులూ చూసి వచ్చే మనిషికి ఇంటికొచ్చాక కూడా ఇనుము కబుర్లంటే ఒళ్ళుమంట.

ఇలా సాగుతుండగా షెడ్డు హెడ్డుగా ఉన్న పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో పని మానేశాడు. గుమ్మం పక్కన ఇనప బల్ల, కుర్చీ, నెత్తిన ఒక ఫ్యాను, అదీ హెడ్డు గద్దె. షెడ్డు మొత్తం మీద మనిషికి గాలి తగిలే చోటు అదొక్కటే. ఆర్గాన్ వైపు ఫ్యాను పెడితే గ్యాసు చెదిరిపోతుంది, కాబట్టి మేస్త్రికి ఇన్నేళ్ళుగా చెమటే తోడు. ఎప్పటికైనా ఆ కుర్చీ తనదేనని పదకొండేళ్ళుగా అనుకుంటున్నాడు. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, ఆ ఫ్యాను రెక్కలకి దుమ్ము పట్టినప్పుడల్లా ఎవరూ అడక్కుండానే నిచ్చెనేసుకుని తుడిచేవాడు. ఇంతకన్నా విప్పి చెప్పడం ఎలాగో నాకు తెలీదు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద డెయిరీ నుంచి ఇరవైనాలుగు ట్యాంకుల ఆర్డరు వచ్చింది. గడువు పది వారాలు. షెడ్డు యజమానురాలు ఇద్దర్నీ పిలిచింది. తండ్రి తరవాత పని చేతిలోకి తీసుకున్న మనిషి, చదువుకున్నది, మాట తక్కువ. చిన్నప్పుడు మేస్త్రి చేసే తొట్టిలో దాక్కుని ఆడుకున్న పిల్లే, ఇప్పటికీ అతన్ని మేస్త్రిగారూ అనే పిలుస్తుంది.

"ఏ అతుకు ఏ వెల్డింగ్‌తో చేస్తామో డెయిరీవాళ్ళు కాయితం మీద రాసిమ్మన్నారు. అంతా ఆర్గాన్‌తో చేస్తే పద్దెనిమిది వారాలు పడుతుంది. అంతా వైరుతో చేస్తే ఏడు. ఊహతో రాయడం నాకిష్టం లేదు. ఇద్దరూ చెరో నమూనా చెయ్యండి. ఒక పొడుగు అతుకు, ఒక గొట్టం అతుకు. తేడా నిజంగా అంత ఉంటే నేను డెయిరీవాళ్ళని గడువు పెంచమని అడుగుతాను, ఇస్తారు."

"తేడా ఉంటుందమ్మా" అన్నాడు మేస్త్రి.

"ఉంటుంది, టైములో" అన్నాడు చిటపట.

ఆవిడ నవ్వలేదు. "పనిలో ఎక్కువ భాగం ఎవరి పద్ధతిలో నడిస్తే ఈ ఆర్డరుకి వాళ్ళే పెద్ద. ఆ తరవాత హెడ్డు కుర్చీ కూడా వాళ్ళదే. ముందే చెప్తున్నాను, తరవాత గొడవ పడొద్దు."

ఇంట్లో ఈ సంగతి విని మేస్త్రి భార్య అన్నం గరిటె పక్కన పెట్టింది. "ఎవరికొచ్చినా నా పుట్టింటికో అత్తింటికో వస్తుంది. నాకొచ్చే నష్టం లేదు. ఓడినవాడు మాత్రం నా దగ్గరికొచ్చి ఏడవకూడదు, ఇద్దరికీ చెప్తున్నా" అంది.

నమూనాల రోజు పొద్దున షెడ్డులో సగం మంది పని మానేసి చుట్టూ చేరారు. చిటపట షీల్డు దించుకుని మీట నొక్కాడంటే ఇక ఆగడం లేదు. వాడి పొడుగు అతుకు అయిపోయేసరికి మేస్త్రి తన దాంట్లో మూడో వంతు దాటాడు. దానికి అతనేం కంగారుపడలేదు, అది ఎలాగూ తెలిసిన సంగతే. వాడు గొట్టం కూడా ముగించి, చేతులు తుడుచుకుని, బయటికెళ్ళి టీ తాగి వచ్చి, స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేసరికి మేస్త్రి గొట్టానికి మూతలు బిగిస్తున్నాడు. ఎవడో వెనకనుంచి "మేస్త్రిగారూ, మీ బావమరిది మధ్యాహ్నం కునుక్కి వెళ్ళొస్తానంటున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

లోపలికి గ్యాసు వదిలి లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అరవై దగ్గర యజమానురాలు గడియారం చూసుకుంది. ఎనభై దగ్గర చిటపట చప్పట్లు కొట్టినట్టు రెండు చేతులూ దులుపుకున్నాడు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద. చెయ్యి కదిలింది. కదిలించాలని అతననుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా అతని మాట తప్ప ఇంకెవరి మాటా వినని చెయ్యి, ఆ ఒక్కసారికి చుట్టూ ఉన్న నలభై కళ్ళ మాట విని టార్చి వెలిగించింది. వెలిగాక ఆపితే అతుకు పాడైనట్టే. మేస్త్రి ఆపలేదు.

బయటినుంచి చూస్తే ఆ అతుకుని మ్యూజియంలో పెట్టొచ్చు. పేర్చిన నాణేల్లాగా సమంగా, బంగారు రంగు తిరిగి మెరుస్తోంది. యజమానురాలు దాని చుట్టూ రెండుసార్లు వేలు పోనిచ్చింది. తరవాత, "పొడుగు అతుకులు రెండూ రేపు పొద్దున కోయించి వంచి చూస్తాను. గొట్టాలు కోయక్కర్లేదు. మేస్త్రిగారూ, మీ అద్దం ఉందిగా, రెండూ మీరే చూసి రేపు చెప్పండి" అంది.

"ఆడేది బావే, తీర్పు చెప్పేదీ బావేనా" అని చిటపట అందుకున్నాడు. చుట్టూ నవ్వులు లేచాక, "పర్లేదులే మేడమ్. మా బావ అబద్ధమాడగలడేమో గానీ ఆ అద్దం ఆడలేదు" అన్నాడు.

అందరూ టీలకి వెళ్ళాక మేస్త్రి ముందు బావమరిది గొట్టం చూశాడు. లోపల అతుకు కాస్త ఉబ్బుగా, ఎగుడుదిగుడుగా ఉంది. కరగకుండా మిగిలిన తీగ కొసలు మూడు, పిల్లి మీసాల్లా లోపలికి పొడుచుకొచ్చాయి. అనుకున్నదే. తరవాత తన గొట్టంలోకి అద్దం దూర్చాడు. చుట్టూ నల్లటి పొర, బొబ్బలెక్కి, గరుకుగా. లైటు దగ్గరికి జరిపి మళ్ళీ చూశాడు. లెక్క తప్పినప్పుడే మనసులో ఓ మూల అనుమానం ఉంది, అయినా కళ్ళతో చూడటం వేరు. కొత్తగా చేరినవాళ్ళ గొట్టాల్లో ఇలాంటిది కనిపిస్తే అతను గొట్టం వాళ్ళ చేతికిచ్చి, "ఇందులో మీ ఇంట్లోవాళ్ళకి పాలు పోస్తారా" అని అడిగేవాడు. ఇప్పుడు ఎవరు ఎవర్నడగాలి.

అతనికి అప్పుడొచ్చిన ఆలోచనలన్నీ మంచివేనని నేను బుకాయించను. ఇంకో గొట్టం తీసుకుని అరగంటలో మళ్ళీ చెయ్యొచ్చు. అంత కష్టం కూడా అక్కర్లేదు, బాగుంది అని రెండు మాటలంటే చాలు. నమూనా ముక్కలు ఎలాగూ చెత్త ఇనుములోకి పోతాయి. అసలు ట్యాంకుల మీద రెండు వందలూ లెక్కపెడితే ఏ తప్పూ జరగదు, ఏ పాలూ విరగవు. కుర్చీ వస్తుంది, ఫ్యాను వస్తుంది. లోపల చూసే మనిషి తనొక్కడే, ఇంకెవరూ లేరు. అద్దం జేబులో పెట్టుకుని, గొట్టాలు రెండూ బల్ల కింద అరలో పెట్టి తాళం వేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య కిటికీ దగ్గర కూర్చుని కూర తరుగుతోంది. ఇంకా వెలుతురుంది. అతను చెప్పులు విడిచి అలాగే గుమ్మంలో కూలబడ్డాడు.

"మీ దగ్గర కత్తెరలు కడుగుతారు కదా. ఆ కీలు సందులో మురికి ఉందో లేదో చూసేదెవరు?" అని అడిగాడు.

"నేనే."

"నువ్వు చూశాక మళ్ళీ చూసేవాళ్ళు?"

"ఎవరూ లేరు. అందుకే రెండుసార్లు చూస్తాను" అంది ఆవిడ తల ఎత్తకుండా. తరవాత తలెత్తి అతని మొహం చూసి కత్తి పక్కన పెట్టింది. "ఏమైందండీ?"

"వంద దగ్గరే వెలిగించాను."

ముప్ఫై ఏళ్ళుగా ఆ లెక్కతో కాపురం చేస్తున్న మనిషికి ఇంకేమీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆవిడ కొంచెంసేపు తరిగిన ముక్కల్ని అటూ ఇటూ సర్దింది. "తమ్ముడికి తెలుసా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

"వాడికి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. చచ్చేదాకా మిమ్మల్ని వదలడు."

"తెలుసు."

చెప్పమనీ అనలేదు, దాచమనీ అనలేదు. లేచి టీ పెట్టింది. అతను పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవేళ అతని పెదాలు కదల్లేదని ఆవిడ గమనించింది, గమనించి ఆ టీలో చక్కెర మరో చెంచా ఎక్కువ వేసింది.

మర్నాడు పొద్దున కోసి వంచి చూస్తే పొడుగు అతుకులు రెండూ విరగలేదు. బలానికి రెండూ సమానమే. "ఇక గొట్టాలు చెప్పండి మేస్త్రిగారూ" అంది యజమానురాలు. అతను బల్ల కింద నుంచి గొట్టాలు తీశాడు. జేబులోంచి అద్దం తీశాడు. తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"నువ్వు చూడరా. ముందు నాది."

చిటపట ఏదో చమత్కారం మొదలుపెడుతూనే గొట్టం అందుకున్నాడు. ఒక కన్ను మూసి, లైటు పెట్టి, అద్దం తిప్పాడు. ఆ చమత్కారం సగంలోనే ఆగిపోయింది. గొట్టం రెండో వైపు నుంచి కూడా చూశాడు. తరవాత బావ మొహం చూశాడు.

"చెప్పు" అన్నాడు మేస్త్రి.

"మాడింది బావా."

యజమానురాలు ఒక అడుగు ముందుకి వేసింది. మేస్త్రి ఆవిడ వైపు తిరిగి నిలబడ్డాడు. "రెండు వందలు లెక్కపెట్టాలమ్మా. నేను వందకే వెలిగించాను. వాడు కాళ్ళూపుకుంటూ కూర్చుంటే చూసి ఓర్వలేకపోయాను. అది పద్ధతి తప్పు కాదు, నా తప్పు. ఆ రెండూ కలిపెయ్యకండి."

"అయితే గొట్టానికి వైరే నయమా?" అని అడిగింది ఆవిడ.

"అది కూడా వాణ్ణే చూసి చెప్పమనండి."

చిటపట తన గొట్టం తీసుకున్నాడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు చూశాడు. బాగుంది అన్నా ఆ పూట కాదనేవాళ్ళు లేరు, కాదనే హక్కున్న ఒక్క మనిషి అప్పుడే తన పరువు తీసుకుని పక్కన నిలబడి ఉన్నాడు. వాడు అద్దం బయటికి తీసి ప్యాంటుకి తుడిచాడు. "మూడు మీసాలున్నాయి మేడమ్. మధ్యలో గడ్డలున్నాయి. గ్రైండర్ పెడదామంటే చెయ్యి పట్టదు. పాలు పట్టుకుంటాయి. గొట్టానికి నా పని పనికిరాదు."

ఆ మాట వినగానే మేస్త్రి బావమరిది వైపు తిరిగి చూశాడు. పదిహేనేళ్ళుగా సున్నం కొట్టేవాడని వెక్కిరించిన మనిషి మీద అంత ప్రేమ వస్తుందని అతను అనుకోలేదు. సర్దుకుని, బల్ల మీద సుద్దముక్కతో ట్యాంకు బొమ్మ గీశాడు.

"పాలు తగిలే అతుకులన్నీ ఆర్గాన్. తొట్టి లోపలి అతుకులు, గొట్టం. ఎన్ని రోజులు పట్టినా సరే, లోపల గ్యాసు పెట్టి, లెక్క పూర్తిచేసి. పాలు తగలని చోట ఆర్గాన్ పెట్టడం నా గొప్ప కోసం తప్ప ట్యాంకు కోసం కాదు. బయటి తొడుగు, పట్టీలు, కాళ్ళు, అన్నీ వైరు. కాళ్ళ దగ్గర రేకు మందం, అక్కడ నా టార్చికన్నా వాడి గన్నే లోతుగా పట్టుకుంటుంది. రెండు వైపులా ఒకేసారి నడిస్తే తొమ్మిదిన్నర వారాలు. గడువు అడగక్కర్లేదు."

ఆవిడ బొమ్మ చూసింది, వేలితో అతుకులు కొలుచుకుంది. మేస్త్రి ఆవిడ అడిగేదాకా ఆగలేదు.

"మూడొంతుల్లో రెండొంతులు వైరు పనే అవుతుందమ్మా. కాబట్టి హెడ్డు వాడే."

"ఆలోచించే అంటున్నారా?"

"నిన్నటి నుంచి నాకు అదే పని."

అలా అయింది. బాధ లేదని అతను ఎవరితోనూ అనలేదు, నేనూ అనను. ఆ మధ్యాహ్నం చిటపట ఇనప బల్ల దగ్గర తాళాలగుత్తి తీసుకుంటుంటే మేస్త్రి తొట్టిలో దూరి కూర్చుని, అక్కర్లేని చోట కూడా గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. ఇంటికెళ్ళి భార్యకు చెబితే, "ఓడినవాడు ఏడవకూడదన్నాను" అంది. అని, పక్కనే కూర్చుని అతని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. అతను కొంచెం ఏడిచాడు.

అంతకన్నా అతన్ని తొలిచేసింది ఇంకొకటి. చిటపట ఎగతాళి చేయడం లేదు. మాడిన గొట్టం గురించి ఒక్క మాట లేదు. మొదటి రోజు పోనీ అనుకున్నాడు. రెండో రోజు ఎదురుచూశాడు. సెలవు రోజు భోజనాల దగ్గర గొట్టం మాట వచ్చేలా తనే రెండుసార్లు దారి ఇచ్చాడు, వాడు తల వంచుకుని అన్నం తిన్నాడు. బావగారూ బావగారూ అన్నంత మర్యాదగా నీళ్ళ గ్లాసు అందించాడు. మేస్త్రి పళ్ళెం పక్కకి జరిపాడు. ఇన్నేళ్ళూ వాడితో సమంగా పోట్లాడుతూ వచ్చిన తను ఇప్పుడు వాడు జాలిపడే మనిషయ్యాడన్నమాట. కుర్చీ పోతే పోయింది, ఇదొకటి మాత్రం అతను భరించలేకపోయాడు.

మూడో వారంలో మొదటి తొట్టి గొట్టం దాకా వచ్చింది. మేస్త్రి టార్చి సర్దుకుంటుంటే చిటపట స్టూలు లాక్కుని వచ్చి కూర్చున్నాడు. ఫ్యాను గాలిలోంచి లేచి ఈ ఉక్కలోకి ఎందుకొచ్చావన్నాడు మేస్త్రి.

"హెడ్డు అన్నాక నాకు చేతకాని పని షెడ్డులో ఉండకూడదు. నేర్పు బావా."

నమూనా గొట్టాల మీద పది రోజులు నేర్పాడు. పొద్దున గంట, సాయంత్రం గంట. వేగానికి అలవాటుపడ్డ చేతికి నెమ్మది నేర్పడం చిన్న పని కాదు. వాడు తిట్లు తిన్నాడు, తీగ వంకర పెట్టాడు, మాడ్చాడు, మళ్ళీ కూర్చున్నాడు. గొట్టం గురించి మాత్రం మాట్లాడలేదు. పదకొండో రోజున అద్దంలో లోపలి అతుకు వెండిలా కనిపించింది. "ఇక వచ్చే ట్యాంకు గొట్టం నువ్వే చెయ్యి" అన్నాడు మేస్త్రి.

ఆ రోజు కూడా పనివాళ్ళు కొందరు చేరారు. చిటపట మూతలు బిగించి, గ్యాసు వదిలి, టార్చి చేతిలోకి తీసుకుని, కొత్తవాళ్ళ నియమం ప్రకారం పైకి వినపడేలా లెక్క మొదలుపెట్టాడు. మేస్త్రి పక్కన అద్దం పట్టుకుని నిలబడ్డాడు. వంద దగ్గర వాడి గొంతు కాస్త మందగించినట్టయింది. మేస్త్రి చూపు గొట్టం మీదనుంచి తిప్పలేదు. వంద దాటింది. నూట యాభై దాటింది. నూట తొంభై తొమ్మిది, రెండు వందలు.

టార్చి వెలగలేదు.

"రెండు వందల ఒకటి" అన్నాడు చిటపట.

"ఆగు. అయిపోయింది, వెలిగించు" అన్నాడు మేస్త్రి.

"ఇంకో వంద ఉంది బావా."

"ఇంకో వందేమిట్రా? గ్యాసు దండగ."

"దండగైతే హెడ్డుకి చెప్పుకో." వాడు షీల్డు పైకెత్తి, అక్కడున్న అందరికీ వినపడేలా, నెల రోజులుగా దాచుకున్న నవ్వు మొహమంతా నింపుకుని అన్నాడు. "ఆవేళ నువ్వు మింగేసిన వంద. నీ బదులు నేను చెప్తున్నా."

షెడ్డంతా గొల్లుమంది. మేస్త్రి అద్దం ఉన్న చేతి వెనక వైపుతో కళ్ళు తుడుచుకున్నాడు, పొగ అన్నట్టు. ఆర్గాన్ పనిలో పొగ ఉండదని అక్కడున్న అందరికీ తెలుసు. అతను బావమరిది స్టూలు పక్కనే ఒంగి, గొట్టం మూత బెజ్జం దగ్గర చెవి పెట్టి గ్యాసు వస్తోందో లేదో చూసి, లెక్క తనే అందుకున్నాడు.

"రెండు వందల రెండు."